ప్రాణహిత ఒడ్డున మెరిసే రాయి: వజ్రమా, పలుగా, గాజుపెంకా?

గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన ఉన్న సిరొంచ తాలూకాలో, ఎండాకాలానికి ప్రాణహిత సన్నబడి ఇసుక తిన్నెల మధ్య గులకరాళ్ల మేటలు బయటపడినప్పుడు, ఆ రాళ్లలో ఒకటి ఎండకు మెరిసి ఎవరి చేతికో చిక్కడం, అది ఇంటికి చేరి నాలుగు రోజులు చర్చకు కారణం కావడం ఎవరికీ వింతగా తోచదు. ఇంట్లో తెలుగు, ప్రభుత్వ కచేరీలో మరాఠీ, అడవి ఊళ్లలో మాడియా వినిపించే ఈ ప్రాంతంలో ఆ ఒక్క రాయికే పేర్లు మారుతుంటాయి. తెలుగువారు దాన్ని పలుగురాయి అంటారు, మరాఠీవారు గారగోటి అంటారు, ఆశపడినవారు మాత్రం ఏ భాషవారైనా హిరా (వజ్రం) అనే అంటారు.

ఆ ఆశకు ఆధారమే లేదని తీసిపారేయలేము. ఇదే జిల్లా ఉత్తర భాగంలో, ఆర్మోరి తాలూకాలోని వైరాగఢ్‌లో ఒకప్పుడు వజ్రాల గని ఉండేది. అక్బరు కాలపు ఐన్-ఇ-అక్బరీలో దాని ప్రస్తావన ఉంది. అంతకు వెయ్యేళ్ల ముందు, 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రాలు దొరికే చోట్లను చెబుతూ వేణా తీరపు వజ్రం శుద్ధమైనదని, కోసల వజ్రం దిరిసెన పువ్వు రంగుదని, కళింగ వజ్రంలో కాస్త పసుపు కలుస్తుందని రాశాడు. ఆ వేణా నది నేటి వైన్‌గంగేనని చెప్పే చరిత్రకారులున్నారు. వైరాగఢ్ వాగుల నీరు వైన్‌గంగలో కలుస్తుంది, వైన్‌గంగ వార్ధాతో కలిసి ప్రాణహిత అవుతుంది, ప్రాణహిత సిరొంచ దగ్గర గోదావరిలో కలుస్తుంది. కాబట్టి పైనున్న వజ్రం కిందికి కొట్టుకు రాలేదా అన్న ప్రశ్న తప్పు కాదు. వజ్రం నదిలో వందల కిలోమీటర్లు ప్రయాణించినా చెడని రాయి.

చిక్కంతా లెక్కలో ఉంది. వైరాగఢ్ నుంచి సిరొంచకు నేరుగా కొలిచినా 150 కిలోమీటర్లు దాటుతుంది, నది వంపులతో ఇంకా ఎక్కువ. ఆ దారిలో వైన్‌గంగ కోసుకువచ్చే నేల చాలావరకు పాత గ్రానైట్, నైస్ శిలల నేల. ఆ శిలల్లో పలుగు నరాలు అడుగడుగునా ఉంటాయి. అటువైపు నుంచి వచ్చే వార్ధా దక్కను నల్లరాతి పీఠభూమి మీదుగా వస్తూ, ఆ రాతి గూళ్లలో పెరిగిన స్ఫటికాలను, అగేట్లను, కాల్సెడొనీ గుండ్లను (ఇవీ పలుగు జాతి రాళ్లే) మోసుకొస్తుంది. నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, దెగ్లూర్ వైపు తెలుగువారి చేలల్లో దున్నినప్పుడు లోపల మెరుపు గూడున్న గుండ్లు దొరకడానికి కారణం కూడా ఆ నల్లరాయే. వీటికి తోడు నదీస్నానాలకు వచ్చేవారు వదిలిపోయిన సీసాల ముక్కలు, పగిలిన గాజులు ఏటికేడాది నదిలో దొర్లి, అంచులు అరిగి, నున్నగా, మసకగా, అచ్చం రాయిలా తయారవుతాయి. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు రెండు ఒడ్డులూ జనంతో నిండిన సంగతి తెలిసిందే. ఇన్ని రకాల తెల్లరాళ్ల మధ్య వజ్రం ఉండే అవకాశం అతి స్వల్పం కనుక, చేతిలోని రాయి వజ్రమని రుజువు చేయడానికి పూనుకునే పద్ధతి మొదటే దారి తప్పుతుంది. అది పలుగు కాదని, గాజు కాదని ఒక్కొక్కటిగా తోసివేస్తూ పోవడమే సరైన పద్ధతి. చాలా రాళ్ల విషయంలో ఆ పని రెండో అడుగులోనే ముగిసిపోతుంది.

మొదట కళ్లతో చూడవలసినవి ఉన్నాయి. ముడి వజ్రం నగల దుకాణంలోని వజ్రంలా మిలమిలలాడదు. ఆ మిలమిల సానపట్టినవాడి పనితనం. లెక్కకట్టి కోసిన ముఖాల మధ్య వెలుగు అటూఇటూ తిరిగి పైకి వచ్చినప్పుడు పుట్టేది. ముడి వజ్రం పైతోలు తరచుగా మసకగా, కొన్నిసార్లు గోధుమ లేదా లేత ఆకుపచ్చ పొరతో ఉండి, నూనె చెయ్యి తగిలినట్టు జిడ్డు మెరుపు మెరుస్తుంది. నది ఒడ్డున దూరం నుంచి కన్ను చెదిరేలా మెరిసిన రాయి ఆ మెరుపు వల్లనే అనుమానానికి లోను కావాలి. ఈ మాట ఆశపడినవారికి రుచించదు గానీ, తాజాగా పగిలిన గాజుపెంకుకూ పలుగుముక్కకూ ఉన్నంత మెరుపు ముడి వజ్రానికి అరుదుగా ఉంటుంది.

మెరుపు కన్నా ఆకారం నమ్మదగిన సాక్షి. వజ్రం ఎనిమిది ముఖాలతో, రెండు పిరమిడ్లను అడుగు భాగాల దగ్గర అతికించినట్టు పెరుగుతుంది. లేదా ఆ ముఖాలు కరిగి, వంపు తిరిగి, పన్నెండు ముఖాల గుండ్రని రూపానికి వస్తుంది. పలుగు స్ఫటికం ఆరు పలకల పెన్సిల్‌లా పెరిగి కొసన మొన తేలుతుంది, దాని పక్క ముఖాల మీద నిలువుకు అడ్డంగా సన్నని గీతలు వరుసగా ఉంటాయి. కంసాలులు కంటికి తగిలించుకునే 10 రెట్ల భూతద్దం ఒక్కటి ఉంటే ఇంకొక గుర్తు కనిపిస్తుంది: వజ్రపు ఎనిమిది ముఖాల మీద చిన్నచిన్న త్రిభుజాకారపు గుంటలు ఉంటాయి, వాటి మొన ముఖపు మొనకు ఎదురు దిశలో తిరిగి ఉంటుంది. ఇవి మనిషి చెక్కినవి కావు, నది కొట్టినవీ కావు. భూగర్భం నుంచి పైకి వచ్చేటప్పుడు వజ్రం కాస్త కరిగిన గుర్తులు. పలుగు మీద, గాజు మీద ఇవి ఉండవు. గాజులో గుండ్రని గాలిబుడగలు ఉండవచ్చు, పలుగులో పొగతెరల్లాంటి చారలు ఉండవచ్చు. విరిగిన చోటు చూస్తే పలుగు, గాజు రెండూ గవ్వ లోపలిభాగంలా వంపు తిరిగి విరుగుతాయి, వజ్రం చదునైన మెట్లుగా చీలుతుంది.

అయితే ఆకారం ఒక్కదాన్నే నమ్ముకుంటే ఈ జిల్లాల్లో మోసపోయే ప్రమాదం వేరే వైపు నుంచి ఉంది. పొరుగున ఉన్న చంద్రపూర్ జిల్లాలో ఫ్లోరైట్ ఖనిజం ఉంది. ఫ్లోరైట్ చీలితే సరిగ్గా ఎనిమిది ముఖాల ముక్కలుగా చీలుతుంది, వజ్రాల బొమ్మలు చూసి వచ్చినవాడు దాన్ని చూడగానే నమ్మేస్తాడు. దక్కను నల్లరాతి గూళ్లలో దొరికే అపోఫిల్లైట్ కూడా మొన తేలి అలాగే కనిపిస్తుంది. అదృష్టవశాత్తు ఇవి రెండూ మెత్తని రాళ్లు. 1 నుంచి 10 వరకు సాగే కాఠిన్యపు కొలతలో (మోస్ కొలత) ఫ్లోరైట్ 4, అపోఫిల్లైట్ 5కు లోపు. మంచి ఉక్కు కత్తి మొన వీటిని గీస్తుంది. కత్తికి గీత పడిన రాయి మీద ఇక ఏ చర్చా అవసరం లేదు.

ఇక ఊరూరా నడిచే పరీక్ష, అద్దం మీద గీసి చూడడం. గీత పడితే వజ్రం, పడకపోతే రాయి అని తీర్పు చెప్పేస్తారు. ఇంతకన్నా ఎక్కువమందిని తప్పుదారి పట్టించిన పరీక్ష మరొకటి ఉండదు. గాజు కాఠిన్యం సుమారు 5.5, పలుగుది 7, పుష్యరాగానిది (టోపాజ్) 8, కెంపు జాతి కురువిందానిది 9, వజ్రానిది 10. అంటే వాగులో దొరికే ఏ మామూలు పలుగురాయైనా కిటికీ అద్దాన్ని హాయిగా గీస్తుంది. ఈ పరీక్ష గాజునూ, అంతకన్నా మెత్తని రాళ్లనూ మాత్రమే పక్కకు తీస్తుంది, మిగతా అన్నిటినీ వజ్రం పక్షాన నిలబెడుతుంది. ఆపైన మెత్తని రాయిని అద్దానికి రుద్దినా తెల్లని చార పడుతుంది. అది అద్దం మీది గీత కాదు, రాయి రాల్చిన పొడి. తడి గుడ్డతో తుడిచి, గోటితో తడిమి చూడకుండానే సంబరపడినవారు ఎందరో.

కాఠిన్యాన్నే ప్రమాణంగా తీసుకోవాలంటే ప్రశ్నను తిరగేయాలి. ఈ రాయి దేన్ని గీస్తుంది అని కాకుండా, ఈ రాయిని ఏది గీస్తుంది అని అడగాలి. కత్తులకు పదును పెట్టే నల్లని కార్బొరండం సానరాయి హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది, దాని కాఠిన్యం 9కి పైన. రాయి కనిపించని మూల ఒకదాన్ని దాని మీద మెల్లగా నాలుగైదు సార్లు రుద్ది, కడిగి, భూతద్దంతో చూస్తే గాజుకైనా, పలుగుకైనా, పుష్యరాగానికైనా, చివరకు కురువిందానికైనా అక్కడ గరుకు పడి కనిపిస్తుంది. వజ్రానికి ఏమీ కాదు, సానరాయికే గాడి పడుతుంది. గట్టిగా నొక్కవలసిన పని లేదు. వజ్రం గీతకు లొంగదు గానీ, మొనలు చిట్లిపోగలదు.

రాయికి ఏ హానీ చేయకుండా, వంటింట్లోనే, అన్నిటికన్నా స్పష్టంగా చెప్పే పరీక్ష నూనె పరీక్ష. దీని వెనుక ఉన్నది వక్రీభవన గుణకం, అంటే వెలుగు ఒక పదార్థంలోకి ప్రవేశించేటప్పుడు ఎంత వంగుతుందో చెప్పే అంకె. నీటికి అది 1.33, పల్లీనూనెకు సుమారు 1.47, మామూలు గాజుకు 1.52 దగ్గర, పలుగుకు 1.54 నుంచి 1.55, వజ్రానికి 2.42. ఒక వస్తువు మన కంటికి కనిపించడానికి దాని అంకెకూ చుట్టూ ఉన్నదాని అంకెకూ తేడా ఉండాలి. ఆ తేడా తగ్గినకొద్దీ వస్తువు అంచులు కరిగిపోయినట్టు మాయమవుతాయి. కాబట్టి శుభ్రంగా కడిగి ఆరబెట్టిన తేట రాయిని తెల్లని గిన్నెలో పల్లీనూనె పోసి అందులో ముంచితే, గాజు గానీ పలుగు గానీ అయితే దాని అంచులు మసకబారి సగం మాయమైనట్టు కనిపిస్తుంది. మందుల దుకాణంలో దొరికే లవంగ నూనె అంకె 1.53 దగ్గర ఉంటుంది. అందులో వేస్తే పలుగు ముక్క ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తుంది. వజ్రం మాత్రం ఏ నూనెలో ముంచినా నల్లని అంచుతో, ఉబ్బెత్తుగా, గాలిలో ఉన్నట్టే కనిపిస్తుంది. పైతోలు మసకగా ఉన్న రాయికి కూడా ఈ పరీక్ష పనికివస్తుంది, ఎందుకంటే నూనె ఆ గరుకును పూడ్చేసి లోపలికి చూపు పోనిస్తుంది. పుష్యరాగం 1.62, కురువిందం 1.76 కనుక అవి పూర్తిగా మాయం కావు, అలాగని వజ్రంలా నిలిచి కనిపించవు. పక్కనే తెలిసిన పలుగుముక్క ఒకటి వేసి పోల్చి చూడడం మరచిపోకూడదు; పోల్చడానికి రెండో రాయి లేని పరీక్ష కన్ను చెప్పే అబద్ధాలకు దారి ఇస్తుంది. లోపల పగుళ్లతో తెల్లబారి వెలుగు దూరని రాయికి మాత్రం ఈ పరీక్ష వర్తించదు, అలాంటి రాళ్లలో అత్యధికం పలుగే అయినప్పటికీ.

నూనె పరీక్ష గాజునూ పలుగునూ ఒకే గాటన కడుతుంది. ఆ రెంటినీ విడదీయాలన్న కుతూహలం ఉన్నవారికి మరొక ఉపాయం ఉంది. ఎల్‌సీడీ తెర ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో తెల్లని పేజీ తెరిచి, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాన్ని దాని ముందు పట్టుకుని తిప్పుతూ పోతే ఒకచోట తెర నల్లబడుతుంది. అక్కడ ఆపి, నూనె పోసిన గాజు కప్పులో రాయిని ఉంచి, తెరకూ కళ్లద్దానికీ మధ్య పెట్టి మెల్లగా తిప్పాలి. పలుగు వెలుగును రెండుగా చీలుస్తుంది కనుక ఒక చుట్టు తిరిగేలోపు నాలుగుసార్లు వెలిగి నాలుగుసార్లు ఆరుతుంది. గాజు చీకట్లోనే ఉండిపోతుంది. వజ్రం కూడా దాదాపు చీకట్లోనే ఉంటుంది, లోపలి ఒత్తిడి వల్ల అక్కడక్కడ మరకల్లా వెలుగు కనిపిస్తే కనిపించవచ్చు. పలుగును దాని నిలువు దిశలో చూస్తే ఇలా వెలిగి ఆరడం కనిపించదు కనుక రాయిని రెండు మూడు వైపులకు పొర్లించి చూడాలి. ఇక్కడ గమనించవలసింది, ఒక్కో పరీక్ష ఈ మూడు రాళ్లను ఒక్కో విధంగా విడదీస్తున్నది. అద్దం మీది గీత గాజును ఒక వైపు, పలుగునూ వజ్రాన్నీ మరో వైపు ఉంచింది. తెర పరీక్ష పలుగును ఒక వైపు, గాజునూ వజ్రాన్నీ మరో వైపు ఉంచింది. విడివిడిగా ఈ రెండూ బలహీనమైనవే. ఒకే రాయి అద్దాన్ని నిజంగా గీసి, తెర ముందు వెలగకుండా ఉంటే మాత్రం అప్పుడు దాన్ని కాస్త శ్రద్ధగా చూడవలసి వస్తుంది.

బరువు పరీక్షకు ఒక లెక్క తెలిస్తే చాలు. నీటికి ఎన్ని రెట్లు బరువన్నది పలుగుకు 2.65, మామూలు గాజుకు 2.5 దగ్గర, ఫ్లోరైట్‌కు 3.18, వజ్రానికి 3.52. కంసాలి దగ్గరుండే డిజిటల్ తూకంలో మొదట రాయిని విడిగా తూయాలి. తరువాత తూకం మీద నీళ్లగ్లాసు పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, సన్నని దారంతో రాయిని కట్టి నీటిలో పూర్తిగా మునిగేలా, అడుగుకు తగలకుండా వేలాడదీయాలి. అప్పుడు తూకం చూపే అంకె రాయి పక్కకు నెట్టిన నీటి బరువు. మొదటి అంకెను రెండోదానితో భాగిస్తే సాంద్రత తెలుస్తుంది. ఉదాహరణకు 5.30 గ్రాముల రాయి 2.00 గ్రాముల నీటిని నెడితే జవాబు 2.65, అది పలుగు. చిన్న రాయితో కాస్త ఇబ్బంది ఉంది. ఒక కారెట్ అంటే 0.2 గ్రాములు; అంత వజ్రం పెసరగింజ కన్నా పెద్దదిగా, శనగగింజ కన్నా చిన్నదిగా ఉండి 0.057 గ్రాముల నీటినే నెడుతుంది. గ్రాములో వందో వంతు వరకే చూపే తూకం దాన్ని 0.05 అనో 0.06 అనో చూపితే జవాబు 4.0 అనో 3.33 అనో వస్తుంది. అంతే బరువున్న పలుగు 0.07 అనో 0.08 అనో చూపి 2.86 లేదా 2.5 ఇస్తుంది. అంటే తూకం మొరటుదైనా వజ్రాన్నీ పలుగునూ కలిపివేయదు, ఇది ఊరటే. పుష్యరాగం సాంద్రత మాత్రం 3.5కు అటూఇటూ ఉండి వజ్రంతో సరిగ్గా కలిసిపోతుంది కనుక, తూకం ఒక్కటే చూసి నిర్ణయించకుండా సానరాయిని కూడా అడగాలి.

సుత్తితో కొట్టి చూడడం పరీక్ష కాదు. వజ్రం సుత్తినీ దాగలినీ పగలగొడుతుందని 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాసిన నాటి నుంచి ఆ నమ్మకం అన్ని దేశాల్లోనూ తిరుగుతూనే ఉంది. గీతను తట్టుకోవడం వేరు, దెబ్బను తట్టుకోవడం వేరు. వజ్రానికి నాలుగు దిశల్లో చీలిపోయే స్వభావం ఉంది. సరైన చోట చిన్న దెబ్బ తగిలితే చాలు. దెబ్బకు పగిలిన రాయిని వజ్రం కాదని పారవేసినవారిలో నిజంగా వజ్రాన్నే పారవేసినవారు ఉండరని చెప్పలేము.

ఊపిరి పరీక్ష, మంచు పరీక్ష సూత్రరీత్యా సరైనవే. వజ్రం వేడిని గాజు కన్నా వెయ్యి రెట్లకు పైగా వేగంగా లాగేస్తుంది, పలుగు దానికి దరిదాపుల్లో లేదు. అందుకే ఊదిన ఆవిరి వజ్రం మీద వెంటనే ఆరిపోతుందంటారు. కానీ శనగగింజంత రాయి మీద, మే నెల సిరొంచ ఎండలో, ఆవిరి ఆరే తేడాను కంటితో పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. అదే సూత్రం మీద పనిచేసే సూది పరికరాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. పలుగు, గాజు తేల్చే పనికి అవి ఫరవాలేదు, సూది ఆనడానికి చదునైన శుభ్రమైన ముఖం ఉండి, రాయి చేతి వేడికి వెచ్చబడకుండా ఉంటేనే. సూది లోహానికి తగిలినా పరికరం కూస్తుంది. మాయిసనైట్ అనే కృత్రిమ రాయి వీటిని బోల్తా కొట్టిస్తుంది, అయితే నది కంకరలో మాయిసనైట్ కోసం భయపడనక్కర్లేదు.

వరాహమిహిరుడు మంచి వజ్రం తేలికగా ఉండి నీటిపై తేలుతుందని కూడా రాశాడు. నీటికి మూడున్నర రెట్లు బరువైన రాయి తేలడమేమిటని ఆధునిక పాఠకుడు నవ్వుకోవచ్చు. ఆ మాటకు అసలు ఉద్దేశం ఏదైనా, దానికి దగ్గరగా ఒక నిజం ఉంది. వజ్రానికి నీరంటే పడదు, నూనె అంటే ప్రీతి. వజ్రపు సన్నని రవ్వను నీటి ఉపరితలం మీద మెల్లగా వదిలితే తడవక పైపొర మీదే నిలబడిపోగలదు. 19వ శతాబ్దం చివర్లో దక్షిణాఫ్రికాలోని కింబర్లీ గనుల్లో ఈ గుణాన్నే వాడుకుని, గ్రీజు పూసిన బల్ల మీదుగా తడి కంకరను నీటితో పారించేవారు. పలుగు తడిసి జారిపోయేది, వజ్రం గ్రీజుకు అతుక్కుపోయేది. ఇంట్లో చేయాలనుకుంటే సబ్బుతో కడిగి ఆరబెట్టిన రాయి మీద ఒక నీటిచుక్క ఉంచవచ్చు, వజ్రం మీద అది ముత్యంలా నిలుస్తుంది, పలుగు మీద పరుచుకుంటుంది. అయినా చేతి జిడ్డు కాస్త అంటినా పలుగు కూడా వజ్రంలా నటిస్తుంది, ఉప్పు పొర పట్టిన వజ్రం పలుగులా నటిస్తుంది. దీన్ని చివర్లో, ఇతర పరీక్షలకు తోడుగా మాత్రమే వాడాలి.

నూనెలో మాయం కాక, సానరాయికి లొంగక, తూకంలో 3.5 దగ్గర నిలిచి, త్రిభుజపు గుంటలు కూడా చూపించిన రాయి ఎప్పుడైనా దొరికితే, దాన్ని బజారుకు కాక ప్రయోగశాలకు పంపాలి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ మధ్య ప్రాంతపు కార్యాలయం నాగ్‌పూర్‌లోనే ఉంది, దక్షిణ ప్రాంతపుది హైదరాబాద్‌లో ఉంది. సిరొంచ వాసులకు రెండూ తెలిసిన దారులే. లేజరు వెలుగుతో పదార్థాన్ని గుర్తించే రామన్ వర్ణపట పరికరం కింద వజ్రం 1332 (సెం.మీ.⁻¹) దగ్గర ఒకే ఒక నిటారు గీత ఇస్తుంది, దాంతో వాదన ముగుస్తుంది. ఖనిజాలు తవ్వాలంటే 1957 నాటి గనుల చట్టం కింద అనుమతి కావాలన్నది కూడా గుర్తుంచుకోవాలి, తిన్నె మీద కంటబడిన రాయిని చూసి పార పట్టుకుని తవ్వడం నేరమవుతుంది.

రాయితోపాటు అది దొరికిన చోటు, అక్కడి పిడికెడు కంకర కూడా తీసుకువెళ్లడం మేలు. భూవిజ్ఞాన నిపుణుల చూపు తెల్లరాయి కన్నా ముందు ఆ కంకరలోని ముదురు ఎరుపు గార్నెట్ పలుకుల మీద, నల్లని క్రోమైట్, ఇల్మనైట్ గింజల మీద పడుతుంది. వజ్రాన్ని లోతుల నుంచి మోసుకొచ్చే కింబర్లైట్ శిలలో వజ్రం అరుదు, ఈ గింజలు సమృద్ధి. వీటి రసాయన కూర్పు చూసి, నది ఎగువన అలాంటి శిల ఉన్నదీ లేనిదీ అంచనా వేస్తారు. వజ్రం కోసం తిన్నెలు గాలించేవారు ముందుగా ఏరి పక్కకు విసిరేసేవి ఆ ఎర్రని, నల్లని పలుకులే.